ఆ రెండేళ్ళు ఏ రోజు నుంచి లెక్క?

"మీ ఆయన ప్రయాణమైన రోజున బ్యాగు సర్దింది ఎవరమ్మా?"

"నేనేనండి."

"ఏమేం పెట్టారు?"

"బట్టలండి. దుప్పటండి. ఆవకాయ డబ్బా పెట్టానండి, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టి. సున్నుండలు కూడా."

"బస్సు దాకా వెళ్ళారా?"

"వెళ్ళానండి, పిల్లాణ్ణి చంకనేసుకుని."

"అంటే మీ ఇష్టప్రకారమే పంపించారన్న మాట."

పోయిన వేసవిలో కోర్టులో మా పిన్ని కూతుర్ని అవతలి ప్లీడరు గారు అడిగిన ప్రశ్నలివి. భర్త రెండేళ్ళకు పైగా వదిలేశాడని తను వేసిన విడాకుల కేసు అది. ఇలాంటి కేసులు అందరి ముందూ వినరు కాబట్టి నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. బయటికొచ్చాక తను మాటకు మాట అప్పజెప్పింది. చివరికి "అక్కా, ఆవకాయ పెట్టడం తప్పయిపోయిందా?" అంది.

మా ప్లీడరు గారు ఆ మాట విని, "తప్పేం లేదమ్మా. కాకపోతే ఆయన వెళ్ళిన రోజు నుంచి రెండేళ్ళూ లెక్కెయ్యలేం. మరి ఏ రోజు నుంచి లెక్కెయ్యాలో మనమే చెప్పుకోవాలి" అన్నారు. ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఏడాదిగా దాని గురించే చదువుతున్నాను, అడుగుతున్నాను, నాతో నేను వాదించుకుంటున్నాను. తేలినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మస్కట్ వెళ్ళిన మొగుడు, ఇంటి దగ్గర పెళ్ళాం. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలోనూ గల్ఫు డబ్బుతో లేచిన డాబా ఒకటుంటుంది, ఆ డబ్బు ఆగిపోయి గచ్చు చెయ్యని మేడ ఒకటుంటుంది. మా చెల్లి భర్త 2015లో డ్రైవరుగా వెళ్ళాడు. మూడేళ్ళు డబ్బు సక్రమంగా పంపాడు. మధ్యలో ఒకసారి వచ్చి నలభై రోజులున్నాడు. తర్వాత డబ్బు రెండు నెలలకోసారైంది, ఆపైన పండక్కి మాత్రమే వచ్చేది. 2019 తర్వాత అదీ లేదు. ఫోను మాత్రం సంక్రాంతికి వచ్చేది, రెండు నిమిషాలు, వాళ్ళమ్మ ఫోనుకి. 2022లో మేం కేసు వేశాం. అతను తన తరఫున కేసు నడపమని అన్నకి పవర్ రాసి పంపి, "ఇప్పుడైనా ఏలుకోవడానికి సిద్ధమే" అని కోర్టులో జవాబు (కౌంటరు) వేయించాడు.

చట్టం అడిగేది ఇదీ

హిందూ వివాహ చట్టం 13వ సెక్షను ప్రకారం, కేసు వేసేనాటికి వెనక వరసగా కనీసం రెండేళ్ళు వదిలేసి ఉండాలి. సరైన కారణం లేకుండా, ఇవతలి మనిషి సమ్మతి లేకుండా వదిలేసి ఉండాలి. కావాలని పట్టించుకోకపోవడం కూడా వదిలెయ్యడంలోకే వస్తుందని చట్టమే వివరణ ఇచ్చింది. 1976లో సవరించేదాకా ఈ కారణం మీద నేరుగా విడాకులు వచ్చేవి కావు. ముందు కోర్టు ద్వారా విడిగా ఉండటానికి డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, తెచ్చుకుని, ఆ తర్వాత మళ్ళీ ఆగాలి. మన వైపు చర్చిలో పెళ్ళి చేసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, 1869 నాటి క్రైస్తవుల విడాకుల చట్టం కింద ఆ ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. మొగుడు వదిలేశాడంటే చాలదు, వ్యభిచారం కూడా చేశాడని రుజువు చెయ్యాలి. 2001లో గాని వాళ్ళకి రెండేళ్ళ పరిత్యాగం ఒక్కటే చాలిన కారణం కాలేదు. ముస్లిం స్త్రీలకు 1939 చట్టంలో లెక్క వేరు: భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోయినా, రెండేళ్ళు పోషణ చూడకపోయినా కోర్టుకు వెళ్ళొచ్చు.

మన ఊళ్ళల్లో అందరి నోటా వినిపించే మాట "ఏడేళ్ళు ఆగాలి" అని. అది వేరే సంగతి. ఏడేళ్ళ పాటు మనిషి బతికున్నట్టు ఎవరికీ కబురు లేకపోతే వర్తించే నియమం అది. సంక్రాంతికి వాళ్ళమ్మకి ఫోన్ చేసేవాడికి అది వర్తించదు. ఈ ఏడేళ్ళ మాట నమ్మి ఊరికే కూర్చున్నవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు.

రెండేళ్ళు గడవడం ఒక్కటే సరిపోదు. బిపిన్‌చంద్ర కేసులో 1956లో సుప్రీంకోర్టు చెప్పిన మాటే ఇప్పటికీ ఆధారం. వదిలేసిన మనిషి వైపు రెండు ఉండాలి: విడిగా ఉండటం, ఇక కాపురం వద్దనే ఉద్దేశం. ఇవతలి మనిషి వైపూ రెండు ఉండాలి: సమ్మతి ఇవ్వకపోవడం, వెళ్ళిపోవడానికి తాను కారణం కాకపోవడం. మాలాంటి వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి అందులోనే ఉంది. వేరుగా ఉండటం, వదిలెయ్యాలనే ఉద్దేశం ఒకే రోజున మొదలవ్వక్కర్లేదు. మామూలుగా వెళ్ళినవాడికి ఆ ఉద్దేశం తర్వాత పుట్టొచ్చు. పుట్టిన రోజు నుంచే లెక్క.

ఆ కేసులో భార్య వదిలేసి వెళ్ళిందని భర్త వాదించాడు. కానీ ఆమె తిరిగొచ్చే సమయానికి ఆమెను పంపవద్దని మామగారికి టెలిగ్రాం కొట్టింది అతనే. అతను ఓడిపోవడంలో ఆ టెలిగ్రాం పాత్ర ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ తంతి కాగితం గురించి చదువుతుంటే నాకు అసూయ వేసింది. మా దగ్గర అలాంటి కాగితం లేదు. "నా కోసం చూడొద్దు, నీ బతుకు నువ్వు చూసుకో" అని అతను వాయిస్ మెసేజి పెట్టాడు. నేను నా చెవులతో విన్నాను. ఆ ఫోను అద్దం పగిలి, నడవక, పాతదిచ్చి కొత్తది తీసుకున్నారు. మెసేజి దాంతోపాటే పోయింది. దాచుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

"మావాడు వదిలేశానని ఎప్పుడన్నాడండీ?"

కోర్టుకు వెళ్ళేముందు పెద్దల్లో పెట్టాం. అందరూ అలాగే చేస్తారు, చెయ్యాలి కూడా. రామాలయం అరుగు మీద ఐదుగురు కూర్చున్నారు. చెల్లి అత్తగారు ఒక్కటే మాట పట్టుకున్నారు: "ఆయ్, మావాడు వదిలేశానని ఎప్పుడన్నాడండీ? ఉద్యోగం చేసుకుంటున్నాడు. వస్తాడు." పెద్దమనుషుల్లో ఒకాయన, మంచి మనిషే, "మరేనమ్మా, వదిలేశాడని నువ్వంటున్నావు, వాడనలేదు కదా. ఏలుకోమని చెబుతాం, ఓపిక పట్టు" అన్నారు.

ఏలుకోవడం అనే మాట గురించి ఆ రాత్రంతా ఆలోచించాను. మన భాషలో మొగుడు పెళ్ళాన్ని ఏలుకుంటాడు. ఏలుకోకపోతే ఆవిడ "ఏలుకోని ఆడది" అవుతుంది. పని చెయ్యనిది అతను, పేరు పడేది ఆవిడకి. "వదిలేసినవాడు" అని ఊళ్ళో ఎవర్నీ పిలవరు, "మొగుడొదిలేసింది" అని మాత్రం పిలుస్తారు. చట్టం తప్పు చేసినవాడి పేరుతో మొదలవుతుంది, మన నోరు దెబ్బ తిన్నదాని పేరుతో మొదలవుతుంది. చట్టం మీద నాకున్న గౌరవంలో కొంత ఇందుకే.

ఇంకో సలహా ఈ మధ్య ఎక్కువ వింటున్నాను. "విడాకులెందుకే, ఒంటరి మహిళ పింఛను పెట్టించుకో, నెలకి 4,000 వస్తాయి." పింఛను తప్పని నేననను, అందవలసినవాళ్ళకి అందాలి. దాంతో మొగుడు పెళ్ళాల సంగతి తేలదు. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్ళ కంటే, తీసుకోకుండా విడిగా ఉన్నవాళ్ళు రెండు రెట్లకు పైగా ఉన్నారు. అందులో ఎంతమంది కోరుకుని అలా ఉన్నారో, ఎంతమంది ఓపిక పట్టమంటే పట్టారో ఆ అంకెలో కనిపించదు.

"విడాకులు తీసుకుంటే భరణం పోతుంది" అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. పోదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను, ఇప్పుడు దాని చోట వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144, మళ్ళీ పెళ్ళి చేసుకోని విడాకుల స్త్రీని కూడా భార్య కిందే లెక్కగడుతుంది. భరణం అడగడానికి రెండేళ్ళు ఆగక్కర్లేదు కూడా.

నా కోపం తగ్గిన చోటు

మొదట్లో నా వాదన సూటిగా ఉండేది. రెండేళ్ళెందుకు, ఏడాది చాలదా? ఉద్దేశం రుజువు చెయ్యమనడమేమిటి, మనిషి లేడని కనిపిస్తోంది కదా? బ్యాగు ఎవరు సర్దారన్న ప్రశ్న అడగనివ్వడమే అన్యాయం అనుకున్నాను.

తర్వాత రాజోలు వైపు ఒకావిడ కథ తెలిసింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి తొమ్మిదేళ్ళు. మన వైపు నుంచి మగవాళ్ళకి తీసిపోకుండా ఆడవాళ్ళూ వెళ్ళారు కదా. ఆవిడ డబ్బుతోనే ఇల్లు లేచింది, ఆడపిల్ల చదువు సాగింది. భర్త ఇంటి దగ్గరే ఉన్నాడు. తొమ్మిదో ఏట అతను వేసిన కేసు ఏమిటంటే, భార్య తనని వదిలేసి పోయిందని. ఆవిడ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. వాళ్ళు పంపితేనే రావాలి. మధ్యలో రెండుసార్లు వస్తానని ఏడ్చింది, "స్లాబు పడ్డాక రా" అన్నది ఇతనే.

ఆవిడని కాపాడే ప్రశ్న ఏమిటి? బ్యాగు ఎవరు సర్దారు, టిక్కెట్టు డబ్బు ఎవరు తెచ్చారు, ఎవరి ఇష్టం మీద వెళ్ళింది. మా చెల్లి గుండెల్లో గుచ్చుకున్న ప్రశ్నే ఆవిడకి అండ. ఇద్దరి సమ్మతితో దూరం వెళ్ళిన మనిషిని, దూరంగా ఉందన్న ఒక్క కారణంతో వదిలేసిందని కోర్టు అనకూడదు. ఉద్దేశం చూడాల్సిందే. రెండేళ్ళు కూడా ఎక్కువేం కాదు. జైల్లో పడ్డవాడు, జీతం అందక చిక్కుకున్నవాడు, మంచాన పడ్డవాడు, వీళ్ళందరికీ ఆ రెండేళ్ళు ఊపిరి. అక్కడ నా కోపం తగ్గింది.

తగ్గాక అసలు తప్పు ఎక్కడుందో కనిపించింది. సమ్మతి మొదలైన రోజు అందరికీ తెలుసు. బ్యాగు, బస్సు, ఆవకాయ, అన్నిటికీ సాక్షులున్నారు. సమ్మతి అయిపోయిన రోజుకి సాక్షి లేడు. "ఇక చాలు, వచ్చెయ్యి, లేదా నన్ను తీసుకెళ్ళు" అని ఏ రోజున అడిగాం? ఆడది ఆ మాట ఫోన్లో ఏడుస్తూ అంటుంది, వంటింట్లో తనలో తాను అనుకుంటుంది, అత్తగారి ముందు మింగేస్తుంది. మనింట్లో ఓర్పు అనిపించుకున్నది కోర్టులో సమ్మతి అనిపించుకుంటుంది. ఎంత ఓర్చుకుంటే అంత నష్టం. ఇది తెలియకే మన పెద్దలు ఓపిక పట్టమంటున్నారు.

తొమ్మిదో సెక్షను

లెక్కకి ఒక తేదీ దొరికే దారి చట్టంలో లేకపోలేదు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షను కింద "నా భర్త నాతో కాపురం చేసేలా ఆదేశించండి" అని కేసు వెయ్యొచ్చు. డిక్రీ వచ్చి ఏడాది గడిచినా కాపురం కలవకపోతే, దాని మీదే విడాకులు అడగొచ్చు. మా ప్లీడరు గారు కూడా మొదట ఇదే చెప్పారు. చెల్లి ఒప్పుకోలేదు. "రమ్మని కోర్టులో దణ్ణం పెట్టి, రాకూడదని ఇంట్లో దణ్ణం పెట్టుకోవాలా అక్కా?" అంది.

ఈ సెక్షను చెల్లదని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే జస్టిస్ పి.ఎ. చౌదరి గారు, సరిత కేసులో తీర్పిచ్చారు. ఇష్టంలేని మనిషిని కోర్టు కాపురానికి పంపడం ఆ మనిషి గౌరవాన్ని తీసెయ్యడమేనన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ అభిప్రాయాన్ని కాదంది. నా మనసు చౌదరి గారి వైపే. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. తొమ్మిదో సెక్షను కేసు వేసిన ఆడదాని దగ్గర తేదీ వేసిన కాగితం ఒకటుంటుంది. నేను అడిగాను, అతను రాలేదు అని చూపించుకోవడానికి. ఆ కాగితం కోసమే చాలామంది ఇష్టంలేని ప్రార్థన చేస్తున్నారు.

కాగితం కావాలంటే ప్రార్థన ఎందుకు? నోటీసు చాలదా? నేను కోరుకునే మార్పు ఇదే. కాపురానికి రమ్మని గాని, తీసుకెళ్ళమని గాని ఒక మనిషి రాతపూర్వకంగా అడిగి, అది అవతలి మనిషికి అందిన రోజు నుంచి రెండేళ్ళ లెక్క మొదలైనట్టే భావించాలని చట్టంలో ఒక వివరణ చేర్చాలి. అది అందిన తర్వాత సరైన కారణం చూపాల్సిన బరువు రాని మనిషి మీద పడాలి. ఇప్పుడు కోర్టులు నోటీసుల్ని సాక్ష్యంగా చూడవని కాదు, చూస్తాయి. కానీ నోటీసు ఇవ్వాలన్న సంగతి ప్లీడరు దగ్గరికి వెళ్ళాక గాని తెలియదు, ప్లీడరు దగ్గరికి వెళ్ళేసరికే నాలుగేళ్ళు పోతాయి.

దీనికీ అభ్యంతరం ఉంది, నేనే చెబుతాను. ఆ రాజోలు భర్త ఏం చేస్తాడు? భార్య పేరు మీద నోటీసు తన ఇంటికే పంపి, తనే సంతకం పెట్టి తీసుకుంటాడు. కాబట్టి అందడమంటే ఆ మనిషి చేతికే అందాలి. "నా కాంట్రాక్టు ఫలానా నెలతో అయిపోతుంది, వస్తున్నాను" అని నిజాయితీగా జవాబిస్తే లెక్క ఆగాలి. మాట తప్పితే మళ్ళీ కదలాలి. ఆ "నిజాయితీగా" అన్నది తేల్చాల్సింది జడ్జిగారే. అక్కడ మళ్ళీ సాక్షులు, మళ్ళీ వాయిదాలు. దీనికి నా దగ్గర విరుగుడు లేదు. అయినా ఏ తేదీ లేకుండా కొట్లాడటం కంటే ఒక తేదీ మీద కొట్లాడటం మేలు.

లేసు పుస్తకం

మా కేసు గురించి మిగిలింది చెబుతాను. చెల్లి లేసు అల్లుతుంది, నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు తరాలుగా చేసే పనే. దారం ఎంత తీసుకుంది, ఎన్ని ముక్కలు ఇచ్చింది, ఎంత ముట్టింది అని రాసుకోవడానికి పిల్లాడి పాత నోటు పుస్తకం ఒకటి వాడేది. దానిలో అంచున, చిన్న అక్షరాలతో వేరే రాతలున్నాయి. "ఫోన్ చేశాను. ఎత్తలేదు." ఇంకో పేజీలో "రమ్మన్నాను. చూస్తానన్నాడు." మరో చోట "బాబుకి జ్వరం. మెసేజి పెట్టాను. చూశాడు. మాట్లాడలేదు." వాటి పక్కనే లేసు లెక్కల తేదీలు. ఎవరికి చూపించాలని రాసిందో తనకే తెలియదు. "రాత్రి అల్లుకుంటూ ఉంటే నిద్ర రాదు కదక్కా, రాసుకునేదాన్ని" అంది.

ప్లీడరు గారు ఆ పుస్తకం చూసి కాసేపు మాట్లాడలేదు. అది కోర్టులో సాక్ష్యంగా మార్కు అయింది. ఇవన్నీ తర్వాత రాసుకున్నవేనని అవతలివాళ్ళు వాదించారు. ఆ పేజీల్లోనే లేసు ఏజెంటు డబ్బిచ్చి పెట్టిన సంతకాలున్నాయి. చెల్లి రాతలు ఆ సంతకాలకి పైనా కిందా ఇరుక్కుని ఉన్నాయి. ఏజెంటు గారు, పెద్దావిడ, వచ్చి సాక్ష్యం చెప్పారు. తీర్పు ఇంకా రాలేదు. వచ్చే నెల వాయిదా.

ఇది రాస్తున్నానని తెలిసి మా వీధి చివరి అమ్మాయి నిన్న సాయంత్రం వచ్చింది. భర్త కువైట్‌లో, ఎనిమిది నెలలుగా డబ్బూ లేదు, మాటా లేదు. కేసు వెయ్యనంది. అతని మీద ఆశ ఇంకా ఉంది, ఉండనీ అన్నాను. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా కోర్టు దగ్గర ఉచిత న్యాయసహాయం ఉంటుందని, 2003 నుంచి భార్య తానున్న ఊరి కోర్టులోనే కేసు వేసుకోవచ్చని చెప్పి ఊరుకున్నాను. ఉత్తరం మాత్రం రాద్దామన్నాను. రసీదు వచ్చే పోస్టులో ఒకటి, అదే ఫోటో తీసి వాట్సాప్‌లో ఇంకొకటి.

నేను చెబుతుంటే తను రాసింది. పైన కుడిపక్క తేదీ వేయించాను. "మీరు వెంటనే రావలెను, లేనిచో నన్నూ పాపనూ మీవద్దకు తీసుకువెళ్ళవలెను" అని మొదలుపెట్టబోయాను. తను పెన్ను ఆపేసింది.

"ముందు క్షేమం అడగొద్దా అక్కా?"

నోటీసులో అవన్నీ ఎందుకని నోటిదాకా వచ్చింది. తను అప్పటికే రాసేస్తోంది. "మేము ఇక్కడ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను." ఆ కిందే, ఒక గీత వదిలి, రమ్మన్న మాట రాసింది. నేను దేన్నీ కొట్టెయ్యలేదు.